మంట ఆరాక మిగిలేది: మేనకోడలికి ఉత్తరం

చిట్టితల్లీ,

రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "నీ మేనకోడలు చివరికి నీ దారే పట్టిందక్కా" అన్నాడు. లోహపు పొడి కలిపిన రాకెట్ ఇంధనాలు ఎలా మండుతాయో, వాటి పొగలో ఏముంటుందో పరిశోధించడానికి చేరావట కదా. విన్నప్పుడు గొంతు పూడుకుపోయింది. వాడితో ఇంకేం మాట్లాడానో కూడా గుర్తు లేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ముప్పయ్యేళ్లు ఆ మంటల పక్కన నేను ఒక్కదాన్నే నిలబడ్డాను, అప్పుడు ఇంత భయం లేదు. ఇప్పుడు అక్కడ నువ్వు నిలబడతావని తెలిసేసరికి భయం పట్టుకుంది. తెల్లారకముందే లేచి ఇది మొదలుపెట్టాను.

ముందు నిన్ను ఒక మాటకి కోప్పడాలి. "గ్రాముల్లో చేసే చిన్న పరీక్షలే నాన్నా, దేనికి కంగారు" అన్నావట. ఆ మాట మళ్లీ అనకు. నా సర్వీసులో నా కళ్లముందు రక్తం కారిన రోజు ఒక్కటే ఉంది. ఆ రోజు సీసాలో ఉన్న అల్యూమినియం రెండు మూడు గ్రాములు మించదు. అక్కడికి వస్తాను, కాస్త ఆగు.

అందరూ చెప్పేవి నేనూ చెప్పేసి పక్కన పెడతాను. ఒంటరిగా ఎప్పుడూ పనిచెయ్యకు. నూలు బట్టలే వేసుకో, జడ గట్టిగా ముడి వేసుకో. పొడి ముట్టుకునే ముందు ఒంటి మీది స్థిర విద్యుత్తు భూమిలోకి పోయేలా పట్టీ కట్టుకో, గాలి మరీ పొడిగా ఉన్న రోజు పని వాయిదా వెయ్యి. సన్నపు లోహపు పొడిని గాలిలోకి లేవనీయకు, పొడి మేఘానికి చిన్న నిప్పురవ్వ చాలు. లోహం అంటుకుంటే నీళ్లు పొయ్యకు, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు ఎత్తకు, మండుతున్న అల్యూమినియం ఆ రెండింట్లోంచీ ఆక్సిజన్ లాక్కుంటుంది. పొడి ఇసుక బకెట్టు చేతికందేంత దూరంలో ఉండాలి. మంట రగిలించే ఇగ్నైటరు తాళం చెవి నీ జేబులోనే ఉండాలి, ఇంకెవరి జేబులోనూ కాదు. ఇవన్నీ మీ గోడల మీద రాసే ఉంటారు. చదివి ఊరుకోకు.

ఇప్పుడు నీ పని సంగతి. అల్యూమినియం ఎందుకు కలుపుతారో నీకు తెలుసు, కిలోకి 31 మెగాజౌళ్ల వేడి ఇస్తుంది, చవక, దొరుకుతుంది, పైగా దాని పొగరేణువులు రాకెట్ మోటారు లోపల పుట్టే హెచ్చు పౌనఃపున్యపు పీడన కంపనాల్ని అణచిపెడతాయి. కానీ అది మండే తీరు నేను నీ వయసులో ఊహించుకున్నట్టు ఉండదు. ఒక్కో రేణువు విడిగా అంటుకుని విడిగా కాలిపోతుందనుకునేదాన్ని. మా గురువుగారు ఒక మధ్యాహ్నం హైస్పీడ్ కెమెరా ఫిల్ము చీకటి గదిలో వేసి చూపించారు. ఆ తర్వాత ఆ ఊహ పోయింది.

ఆ దృశ్యం నువ్వూ త్వరలో చూస్తావు, అయినా చెప్పకుండా ఉండలేను. మండుతున్న ప్రొపెల్లెంటు, అంటే గట్టిపడిన ఇంధన మిశ్రమం, దాని ఉపరితలం నదిలో నీటిమట్టంలా కిందికి దిగుతూ ఉంటుంది. మంటకి ఆక్సిజన్ అందించే అమ్మోనియం పెర్‌క్లోరేట్ గింజలు ముందే వాయువై పోతాయి, వాటి మధ్య సందుల్లో ఇరుక్కున్న అల్యూమినియం రేణువులు మాత్రం పోవు. ఒకదాన్నొకటి అంటుకుని పగడపు కొమ్మల్లా లేస్తాయి. లోపలి లోహం 660 డిగ్రీల సెల్సియస్‌కే కరిగిపోతుంది, పైనున్న ఆక్సైడ్ పొర కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. అందుకని కొంతసేపు కరిగిన లోహం పలచని పెంకు లోపల గుడ్డులో సొనలా ఉంటుంది. ఆ పెంకు పగిలిన క్షణంలో కొమ్మంతా ఒక్కసారి ముడుచుకుని గుండ్రటి బొట్టు అయిపోతుంది, ఉపరితలం మీద ఒక దొర్లు దొర్లి, తనకంటే పెద్ద మంట కప్పుకుని, తెల్లటి తోక ఈడ్చుకుంటూ పైకి లేచిపోతుంది. పుస్తకాల్లో వాటిని ఆగ్లోమరేట్లు అంటారు. మేం పూసలనేవాళ్లం. 20, 30 మైక్రాన్ల (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడి వేస్తే వందల మైక్రాన్ల పూసలు వచ్చేవి. ఆ ఫిల్ము మూడుసార్లు వేయించుకుని చూశాను, నాలుగోసారి అడగడానికి సిగ్గేసింది.

నీ పరిశోధనంతా ఆ పూస చుట్టూనే తిరుగుతుంది, తల్లీ. పూస నుంచి ఆవిరైన లోహం మంటలో నీటి ఆవిరితోనూ కార్బన్ డయాక్సైడ్‌తోనూ కలిసి మైక్రాను, అంతకంటే సన్నటి అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, పొగ అవుతుంది. ఆ పొగ వాయువుతో పాటు మోటారు మూతి, అంటే నాజిల్, దాటిపోతుంది. పూస ఒంటికే అంటుకున్న ఆక్సైడ్ మాత్రం ఒక పక్కకి టోపీలా చేరుతుంది, అది పెద్ద రేణువుగానే మిగిలిపోతుంది. పెద్ద రేణువు బరువుకి వాయువు వేగాన్ని అందుకోలేక వెనకబడుతుంది, తన వేడిని తనతోనే పట్టుకుపోతుంది. ఆ మేరకు తోపు తగ్గుతుంది. ఇంకొన్ని నాజిల్ మలుపు తిరగలేక మోటారు అడుగున చేరి మడ్డి కడతాయి. కాబట్టి మండకుండా మిగిలిన లోహమెంత, పూసల సైజెంత అన్న రెండు అంకెల మీద మోటారు చేసేవాళ్లు ఆధారపడతారు. ఆ అంకెలు ఇచ్చేది నీలాంటివాళ్లు. నేను ఒకప్పుడు వాటిని తప్పు ఇచ్చాను.

అప్పటికి ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు. చిన్న ప్రొపెల్లెంటు ముక్కని నత్రజని నింపిన పీడన పాత్రలో కాల్చి, రాలే పూసల్ని కింద నీళ్లలో పట్టి చల్లార్చేవాళ్లం. ఎత్తు మార్చుకుంటూ పోతే ఎంత దూరానికి ఎంత మండిందో తెలుస్తుంది. మిగిలిన లోహం ఎంతో తెలుసుకోవడానికి ఆ మడ్డిని క్షారంలో కరిగించి, వచ్చే హైడ్రోజన్‌ని కొలిచేవాళ్లం. ఒక గ్రాము అల్యూమినియం పూర్తిగా కరిగితే ఒకటింపావు లీటరు దాకా హైడ్రోజన్ వస్తుంది. పద్ధతి బాగుంది, లెక్క సులువు. నా అంకెలు అందంగా వచ్చేవి. మా మిశ్రమంలో లోహం దాదాపు మొత్తం మండిపోతోందని రాశాను. పై అధికారులు మెచ్చుకున్నారు. మీ తాతయ్యకి పెద్ద ఉత్తరం కూడా రాశాను ఆ సంగతి.

ఒక శుక్రవారం ఏడు పరీక్షలు వరసగా చేశాం. చీకటి పడింది. కొలతలు సోమవారం చూద్దామని, మడ్డి నీళ్లన్నీ గాజు సీసాల్లో పోయించి, ఎండిపోకుండా మూతలు గట్టిగా బిగించమని మా ల్యాబ్ అసిస్టెంటుకి చెప్పాను. నాకంటే పదిహేనేళ్లు పెద్దాయన, నన్ను 'అమ్మా' అని పిలిచేవారు. ఆయన ఒకసారి "నీళ్లు కాస్త పుల్లటి వాసన వస్తున్నాయమ్మా" అన్నారు. "పెర్‌క్లోరేట్ వాయువులు కదండీ, అలాగే ఉంటుంది" అని సంచీ భుజాన వేసుకున్నాను.

చూడు, సమాధానం నా నోటితోనే చెప్పాను. పెర్‌క్లోరేట్ మండితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. అది నీళ్లలో కలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అదే నీళ్లలో అల్యూమినియం పూసలు. చల్లారేటప్పుడు వాటి పెంకులు చిట్లి ఉంటాయి. మొదట్లో ఏమీ జరిగినట్టు కనపడదు, ఆ పలచని ఆక్సైడ్ పొర కాసేపు కాస్తుంది. అది తెగాక లోహం కరగడం మొదలుపెడుతుంది. శనివారం, ఆదివారం ఆ ఏడు సీసాలూ బిగించిన మూతల కింద హైడ్రోజన్‌ని నింపుకుంటూ కూర్చున్నాయి. నేను కొలవాల్సిన వాయువే అది.

సోమవారం పొద్దున ఆయన మొదటి సీసా ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో మూత తిప్పారు. నేను రెండు అడుగుల దూరంలో పుస్తకంలో తేదీ రాస్తున్నాను. చప్పుడు పెద్దదేం కాదు, తలుపు గాలికి కొట్టుకున్నంత. తలెత్తేసరికి బల్లంతా గాజుముక్కలు, బూడిదరంగు నీళ్లు, ఆయన కుడి బొటనవేలి మొదట్లోంచి రక్తం ధారగా కారుతోంది. కళ్లద్దాలు పెట్టుకుని ఉన్నారు కాబట్టి కళ్లు దక్కాయి. పక్క బల్ల మీద బర్నరు ఆ పూట ఇంకా వెలిగించలేదు. వెలిగి ఉంటే ఏమయ్యేదో నేను ఈ రోజుకీ ఊహించుకోను. ఆస్పత్రిలో కుట్లు వేశారు. స్నాయువు తెగిందన్నారు. ఆయన బొటనవేలు మళ్లీ పూర్తిగా వంగలేదు.

తరవాత చేసింది ఇంకా పెద్ద తప్పు. ప్రమాద నివేదికలో 'సీసా గాజులో లోపం' అని రాసి సంతకం పెట్టాను. అబద్ధమని అప్పుడే తెలుసు. మూత బిగించమన్నది నేనేనని రాయడానికి చెయ్యి రాలేదు. ఆస్పత్రికి వెళ్తే ఆయనే అన్నారు, "నేనే మరీ గట్టిగా బిగించానేమోనమ్మా" అని. అప్పుడైనా చెప్పొచ్చు కదా. చెప్పలేదు. పది రోజులకి ఆయన డ్యూటీకి వచ్చారు, హాజరు రిజిస్టరులో ఎడమచేత్తో, చిన్నపిల్లలు అక్షరాలు దిద్దినట్టు, ఒక్కో గీతా నెమ్మదిగా సంతకం పెడుతున్నారు. వెనక వరసలో నేనున్నాను. ఆ సాయంత్రం నివేదిక వెనక్కి అడిగి తెచ్చుకున్నాను. "రాసిందేదో రాశావు, ఇప్పుడెందుకు కెలకడం" అన్నారు పైవాళ్లు. మొత్తం కొట్టేసి మళ్లీ రాశాను. ఆయనకి ఎదురుగా నిలబడి చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత "మరి పాత అంకెలమ్మా?" అన్నారు.

చదువు పెద్దగా లేని మనిషి అడిగిన ఆ ప్రశ్న నాకు అప్పటిదాకా తట్టలేదు, తల్లీ. అంతకుముందు నెలల తరబడి మూతలు వదులుగా పెట్టి ఒక రాత్రి, రెండు రాత్రులు ఉంచిన మడ్డిలోంచి ఎంత హైడ్రోజన్ గాలిలో కలిసిపోయిందో! మిగిలిన కొంచెం కొలిచి, లోహమంతా మంటలోనే మండిపోయిందని రాశాను. మంటలో మండలేదు, సీసాలో కరిగిపోయింది. అదే మిశ్రమం మళ్లీ కాల్చి, పట్టిన గంటలోనే కడిగి, ఆరబెట్టి, కొలిస్తే మండని లోహం నేను రాసినదానికి మూడు రెట్లు తేలింది. మెప్పు తెచ్చిన ఆ కాగితాన్ని నేనే వెనక్కి తీసుకున్నాను. మీ తాతయ్యకి రెండో ఉత్తరం రాయడానికి మాత్రం రెండేళ్లు పట్టింది.

కాబట్టి నీకు నా గట్టి మాట ఇది. పూసల్ని పట్టిన నిమిషం రాసుకో, కడిగిన నిమిషం రాసుకో, కొలిచిన నిమిషం రాసుకో. నీళ్లు తప్ప గతి లేకపోతే వెంటనే వడకట్టి, ఆమ్లం పోయేదాకా కడిగి, ఆల్కహాలుతో తేమ తీసి ఆరబెట్టు. తడి మడ్డిని ఎప్పుడూ బిగించిన మూత కింద రాత్రంతా ఉంచకు. వాయువు పోయే దారి ఉన్న మూత వాడు, అది కూడా నిప్పుకి దూరంగా, గాలి లాగే హుడ్ కింద. సెలవు ముందురోజు కొత్త పరీక్ష మొదలుపెట్టకు. ఇప్పటికీ ఇంట్లో ఏ సీసా మూత తిప్పినా నేను మొహం పక్కకి తిప్పుకుంటాను. మీ నాన్న నవ్వుతాడు. వాడికి ఈ కథ తెలియదు, నీకే మొదట చెబుతున్నాను.

పొగ మీద కూడా పనిచేస్తానన్నావట, ఆ మాట నాకు ఎంతో నచ్చింది. మా రోజుల్లో తోపు ఎంత అన్నదాని మీదే కళ్లన్నీ, నాజిల్ దాటాక సంగతి ఎవరికీ పట్టేది కాదు. లెక్క చాలా సులువు. అమెరికా స్పేస్ షటిల్ పక్క బూస్టర్లలో ఒక్కోదాంట్లో దాదాపు 500 టన్నుల ప్రొపెల్లెంటు ఉండేది, అందులో 16 శాతం అల్యూమినియం. అంటే 80 టన్నులు. ప్రతి 27 గ్రాముల అల్యూమినియం 24 గ్రాముల ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది, కాబట్టి అది 150 టన్నుల అల్యూమినా అవుతుంది. రెండు నిమిషాల్లో. ఆకాశంలో నిలబడే ఆ తెల్లటి స్తంభంలో కంటికి కనపడేది ఎక్కువగా ఈ పొడే. దానితోపాటు, బయటికొచ్చే మొత్తంలో ఐదో వంతు హైడ్రోజన్ క్లోరైడ్. ప్రయోగవేదిక మీద కుమ్మరించే నీళ్లలో అది కలిసి ఆమ్లపు తుంపరగా పడేది, ఆకుల మీద మచ్చలు పడేవి, పక్కనున్న లోతులేని మడుగులో చిన్న చేపలు చచ్చి తేలేవి. పైకి పోయాక ఆ అల్యూమినా రేణువుల ఒంటి మీద హైడ్రోజన్ క్లోరైడూ క్లోరిన్ నైట్రేటూ కలిసి క్లోరిన్ పుడుతుంది, అది ఎండకి విడిపోయి ఓజోన్‌ని తింటుంది. ఓజోన్ రసాయనానికి 1995లో నోబెల్ అందుకున్న మారియో మోలినా కూడా తన ప్రయోగశాలలో ఈ చర్యని కొలిచారు. ఆయన బృందం కాగితం చదివిన రోజు నాకు నా ఏడు సీసాలు గుర్తొచ్చాయి. పనైపోయిందని మనం వదిలేసిన తెల్లపొడి అక్కడ ఆకాశంలో కూడా తన పని తాను చేసుకుంటూనే ఉంది.

అందుకే సేకరించిన పొగని ఉట్టి అల్యూమినా అని రాసెయ్యకు. అందులో గామా స్ఫటిక రూపం ఎంత, ఆల్ఫా స్ఫటిక రూపం ఎంత చూడు, ఒంటికి పట్టిన క్లోరైడ్ ఎంతో చూడు, గాలి తగిలాక తేమ ఎంత పీల్చుకుందో చూడు. ఫిల్టరు విప్పేటప్పుడు ముక్కుకి మంచి మాస్కు కట్టుకో, ఆ సన్నటి పొడి ఊపిరితిత్తుల అట్టడుగుకి పోతుంది. మాకు అప్పట్లో జేబురుమాలే మాస్కు. ఆ దగ్గు నన్ను ఇంకా వదల్లేదు, నువ్వు చిన్నప్పుడు దాన్ని చూసి "అత్తయ్యా, నీ గొంతులో పిల్లి ఉందా" అనేదానివి.

మిగతా లోహాల గురించి క్లుప్తంగా చెబుతాను, నీకు నాకంటే కొత్త సంగతులు తెలిసి ఉంటాయి. నానో అల్యూమినియం అంటే మోజు పడతావు, పడు, కానీ డబ్బా మీది అంకె నమ్మకు. 80 నానోమీటర్ల రేణువు మీద రెండున్నర నానోమీటర్ల ఆక్సైడ్ పొర ఉన్నా బరువులో దాదాపు ఐదో వంతు ఆక్సైడే, అది మండదు. డబ్బా తెరిచిన ప్రతిసారీ నువ్వే కొలుచుకో. 2009లో అమెరికాలో రెండు విశ్వవిద్యాలయాలు కలిసి నానో అల్యూమినియం, మంచు కలిపిన ఇంధనంతో చిన్న రాకెట్టుని దాదాపు 400 మీటర్లు ఎగరేశాయి, పెర్‌క్లోరేట్ లేదు కాబట్టి క్లోరిన్ ఊసే లేదు. మీ పరిశోధన అటువైపు నడిస్తే నాకు సంతోషం. కాకపోతే అల్యూమినియం, నీరు ఒకే గిన్నెలో, గుర్తుంది కదా.

బోరాన్ కిలోకి 58 మెగాజౌళ్లని ఊరిస్తుంది. దాని ఆక్సైడ్ 450 డిగ్రీలకే కరిగి జిగురు దుప్పటిలా కప్పేస్తుంది, లోపల బోరాన్‌కి ఊపిరాడదు. దాంతో ఏళ్లు పోగొట్టుకున్న స్నేహితులున్నారు నాకు, వాళ్లెవరూ పశ్చాత్తాపపడలేదు, నువ్వూ చెయ్యాలనుకుంటే చెయ్యి. మెగ్నీషియం తేలిగ్గా అంటుకుంటుంది, అంత తేలిగ్గా నువ్వు అనుకోని చోట కూడా. బెరీలియం జోలికి మాత్రం కాగితం మీద లెక్కల వరకే. దాని పొగ పీలిస్తే ఊపిరితిత్తులకి నయం కాని జబ్బు రావచ్చు. ఎవరు ఎంత పెద్ద అవకాశమని చెప్పినా సరే, ఇందులో నాతో వాదించకు.

మీ గురువుగారు ఎవరో నాకు తెలియదు. మంచివారే అయి ఉంటారు. నీ అంకెలు బాగున్నప్పుడు కూడా "ఇది ఎప్పుడు కొలిచావు?" అని అడిగేవారైతే వారిని వదులుకోకు. అలా అడగకపోతే ఆ ప్రశ్న అడిగే మనిషిని ల్యాబులో ఎక్కడో ఒకచోట వెతుక్కో. గిన్నెలు కడిగేవారు కావచ్చు, సిలిండర్లు మార్చేవారు కావచ్చు. వాళ్లు "వాసన తేడాగా ఉంది" అంటే సంచీ దించి ఆగు.

మొదటి పరీక్ష వచ్చే నెలలో అని మీ నాన్న చెప్పాడు. ఆ రోజు నాకు ఫోన్ చెయ్యి. ఫైరింగ్ అయిపోగానే సంబరంగా చేసేస్తావు, నాకు తెలుసు, నేనూ అలాగే చేసేదాన్ని. వద్దు. పూసలు కడిగి, ఆరబెట్టి, సీసాలన్నీ ఖాళీ చేసి, అద్దాలు తీసి చేతులు కడుక్కున్నాక చెయ్యి. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

ప్రేమతో,
మీ అత్తయ్య